నూలు తాగిన నీళ్లు

లక్ష్మీరాజం నేసిన తువ్వాల ఎన్నేళ్లు ఉతికినా రంగు దిగదని దుబ్బాకలో పేరు. ఆ పేరే అతని కొంప ముంచింది.

వీధిలోకి నల్లా వచ్చిన ఏడాదే అతనొక సంగతి కనిపెట్టాడు. బోరు నీళ్లలో ముంచితే మచ్చలు పడే నూలు, నల్లా నీళ్లలో నిగనిగలాడుతోంది. నల్లా వచ్చేది గంటసేపే. అందుకని ఆ గంటలో పట్టిన నీళ్లన్నీ రంగు తొట్టికే పోసేవాడు. ఇంటిల్లిపాదికీ తాగడానికి, వండడానికి ఎప్పటిలాగే బోరు. నల్లా నీళ్లు మందు వాసనని పైగా భార్యకు నచ్చజెప్పాడు. అతితెలివి అంటే అదే మరి.

కూతురు వర్షితకు పన్నెండేళ్లు. పళ్ల మీద గోధుమ చారలు కనబడితే వేపపుల్లతో గట్టిగా తోమమన్నాడు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుని నడక వంకరపోయాక గానీ సిద్దిపేట దవాఖానకు తీసుకుపోలేదు.

డాక్టర్ శ్రీలేఖ ఎక్స్‌రే చూసింది. "బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. ఎముకల్ల చేరింది."

"కడుపుల పడ్డది బయటికి పోదా మేడం?"

"మంచు సముద్రాల పక్షులకైతే పోతది. అవి రొయ్యలసొంటి చిన్న జీవాలను పొట్టుతోనే మింగుతయి, ఆ పొట్టు నిండ గిదే. చానమట్టుకు రెట్టల పడిపోతది. ఒంటికి పట్టినది ఎముకల్ల దాసుకుంటయి, అయినా వాటికేం కాదు. మనకట్ల కాదు. నీళ్లల్ల కరిగింది అంత ఒంటికి పడ్తది. మూత్రంల కొంత పోతది, మిగిలింది ఎముక పట్టుకుంటది. ఎదిగే పిల్లలకైతే ఇంక ఎక్కువ."

"మందులేస్తే కాళ్లు సక్కగయితయా?"

"మందులతోని కావు. ఎదుగుడు ఆగినంక ఆపరేషన్ సంగతి సూద్దాం. ముందుగాల నీళ్లు మార్చున్రి. మీ ఇంటికి నల్లా లేదా?"

"ఉంది మేడం."

"మరి?"

లక్ష్మీరాజం ఎక్స్‌రే చుట్టి చంకలో పెట్టుకుని లేచాడు. నూలుకు పోశానని ఏ నోటితో చెబుతాడు?

మర్నాడు పొద్దున నల్లా రాగానే తొట్టి జోలికి పోకుండా చెంబు నింపుకుని కూతురి దగ్గరికి వచ్చాడు. "తాగు బిడ్డా."

వర్షిత గోడ పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"నాకొద్దు బాపు. నూలుకు సాలవు."

పిల్లకు నాలుగేళ్లప్పుడు నల్లా కింద దోసిలి పట్టిందని ఆ చేతుల మీద కొట్టింది అతనే.