సొరుగులో కార్డు, తీగ మీద జవాబు

ఆ రోజు మధ్యాహ్నం మూడుంబావుకు ఆఫీసులోకి టీ వచ్చింది. గ్లాసు అందుకుని తెర వైపు చూశాను. చనిపోయిన మా తమ్ముడి కంప్యూటర్ నంబరు అక్కడ ఉంది.

దెయ్యాల ముచ్చట ఎవరు మొదలుపెట్టినా లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. జరిగింది మాత్రం రాస్తాను.

తొంభైల చివరి సంగతి ఇది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కనే మా ఆఫీసు. అక్కడ కంప్యూటర్ల పని నాది. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో అదే పని మా తమ్ముడు రమణది. ఆ ఏడు శిక్షణ పాఠాల వీడియోలు మా ఆఫీసు నుంచి తీగ మీద పంపడం మొదలుపెట్టాం. లైను బలహీనమైనది. చూసే ప్రతి కంప్యూటర్‌కూ విడివిడిగా పంపితే తట్టుకోలేదు. అందుకని పాఠం చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, ఒక్క ప్రతే బయలుదేరుతుంది. దారి చీలే చోట మాత్రమే రౌటర్ నకలు తీసి, చూసేవాళ్లున్న దారిలోకి వదులుతుంది.

ఎవరున్నారో తెలుసుకోవడానికి అది కాసేపటికోసారి ప్రతి దారిలోనూ అడుగుతుంది. ఒక్కరు పలికినా చాలు, పంపుతూనే ఉంటుంది. ఎవరూ పలకకపోతే కొంతసేపు చూసి ఆ దారి మూసేస్తుంది. మనిషి పోయాడని దానికి వేరే చెప్పనక్కర్లేదు.

రమణ కామెర్లతో పోయాడు. దినాలయ్యాక వాడి కంప్యూటర్ మా ఆఫీసుకు తెప్పించాను. మూత తీసి, నెట్‌వర్క్ కార్డు ఊడదీసి నా బల్ల సొరుగులో పెట్టాను. షెడ్ వైపు పాఠాలు చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ దారి దానంతటదే మూసుకోవాలి.

మూసుకోలేదు. రౌటర్ అడిగిన ప్రతిసారీ అటు నుంచి జవాబు వస్తోంది. ప్రతి కార్డుకూ తయారీలోనే ఒక నంబరు వేస్తారు. జవాబు మీద ఉన్నది నా సొరుగులోని కార్డు నంబరు.

షెడ్‌కు ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే అప్పలరాజు రమణ గది తాళం తీసి చూసొచ్చాడు.

“తీగ గోడకి ఏలాడతంది సార్. ఆ సివర ఏటీ లేదు. గదిలో ఎలకలే డ్యూటీ సేస్తన్నాయి,” అన్నాడు.

పాత నంబరేదో రౌటర్‌లో మిగిలి ఉంటుందనుకుని అంతా తుడిచేశాను. రౌటర్ మార్చాను. మరెవరైనా లైనుకు తగులుకున్నారేమోనని తీగ వెంట షెడ్ దాకా నడిచి చూశాను. మా వైపు తీగ పీకితే జవాబు ఆగేది. తగిలిస్తే వచ్చేది.

షెడ్ లైను ఊరికే నిండిపోతోందని, తీసేయమని మా అధికారి రెండుసార్లు చెప్పాడు. చేతులు రాలేదు. పలుకుతున్నవాణ్ణి అక్కడే వదిలేసి తలుపు వేసినట్టవుతుందని భయం. తీయకపోతే వాడికి ఏమవుతోందోనని ఇంకో భయం. అన్నం సయించేది కాదు.

రమణ భార్య సరళ ఇది గమనించి ఏమైందని అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. దానంతటది పలుకుతోందా, అడిగితేనే పలుకుతోందా అని అడిగింది. అడిగితేనే అన్నాను.

“ఇంట్లో అత్తమ్మ అన్నం యేళకి ఆయన పేరెట్టి పిలుస్తన్నాది. ఆఫీసులో మీరు పిలుస్తన్నారు,” అంది. “ఇలా పిలుస్తంటే ఆయన ఎలా ఎల్తారు, బావగారూ?”

మర్నాడు రౌటర్ చేత షెడ్ వైపు అడగడం ఒక్కటే ఆపించాను. తీగ తీయలేదు. జవాబు ఆగిపోయింది.

ఈ పని తెలిసినవాళ్లకు ఇదంతా చెప్పాను. తలా ఒక కారణం చెప్పారు. ఏదీ సొరుగులోని కార్డు దాకా రాలేదు. నాకూ ఇప్పటికీ అర్థం కాలేదు. మళ్లీ అడిగితే వాడు పలికేవాడో లేదో కూడా తెలియదు. ఆ దారిలో ఎవరైనా ఉన్నారా అని ఇప్పుడు అడగడం లేదు.