ఆ ఇద్దరూ కలిశారా?

మొన్న ఆదివారం గుంటూరులో మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, బైబిల్లో పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరంగా రాసిన పత్రిక తీసి, ఆనందించమనే మాట మీద చక్కగానే ప్రసంగించారు గానీ, దానికి కాస్త పైనున్న వాక్యాలను చదవకుండా దాటేశారు. అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. ఇంటికొచ్చి, ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టాను. ఆ పత్రిక ఎరిగినవాళ్ళు ఈపాటికి పోల్చుకునే ఉంటారు. నోరు తిరగని పేర్లున్న ఇద్దరు స్త్రీలను పౌలు అక్కడ పేరుపెట్టి పిలిచి, ఒక్క మనసుతో ఉండమని బతిమాలతాడు.

మా చిన్నతనంలో శనివారం సాయంత్రాలు మా పేటలోని ఆడవాళ్ళంతా మా ఇంట్లో నాయనమ్మ దగ్గర ప్రార్థనకు కూడేవారు. వాళ్ళలో ఎవరికీ చదువు రాదు గనుక బైబిలు చదవడం నా పని. నాయనమ్మ పద్ధతి ఒకటే, ఉత్తరం వస్తే మధ్యలో వదిలేస్తామా అని, వారం వారం వరసగా, ఒక్క ముక్క విడవకుండా చదివించేది. అందుకే యాకోబు కొడుకులైనా, మార్త వంటిల్లయినా మాకు పరాయివాళ్ళ సంగతుల్లా ఉండేవి కావు.

మా తమ్ముడు పుట్టిన ఏడు మా అమ్మ మిరపకోతలకు, మా పెద్దమ్మ పత్తితీతకు వెళ్ళేవారు. మిరపకాయలు కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా, మజ్జిగ రాసినా చాలాసేపు మండుతూనే ఉంటాయి, ఆ చేతులతో పసిబిడ్డను తాకకూడదు. పత్తి తీసిన చేతులకు ఆ బాధ లేదు. అందుకని సాయంత్రం పెద్దమ్మ వచ్చి, ఇంకా మెడ నిలవని వాడికి నీళ్ళుపోసి, అమ్మ ఒళ్ళో పెట్టి పట్టుకునేది. అమ్మ రెండు చేతులూ దూరంగా చాపుకుని పాలిచ్చేది. అలాంటి తోడికోడళ్ళు ఉన్నట్టుండి మాట మానేశారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. నాయనమ్మకు చేతులు వణుకు, నన్ను నమ్మి బిడ్డనివ్వరు. ఒకనాడు ఏడుపు చూడలేక అమ్మ తానే ఎత్తుకుంది, కారం వాడి కంట్లో పడింది. ఆ తర్వాత వాడెంత గుక్కపట్టినా, మంట చల్లారేదాకా ఉయ్యాల పక్కన కూర్చుని తనూ ఏడ్చేది. నాకు ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు, బయటికి వెళ్ళినా కాలు నిలిచేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వరస చదువు ఆ ఇద్దరు స్త్రీల దగ్గరికి వచ్చింది. నేను చదవగానే పెద్దమ్మ దిగ్గున లేచింది.

"ఏమే, నీ కూతురి చేత చదివించి నన్ను దెప్పుతావా?"

"అది పుస్తకంలో ఉందక్కా. నేనేమన్నా రాశానా?"

"మన గొడవ ఆ పౌలయ్యగారి దాకా మోసిందెవరు మరి?"

"ఆయన పోయి ఎంత కాలమైందో, ఎవరు మోస్తారే? కూచో," అని నాయనమ్మ కసిరింది.

పెద్దమ్మ కూర్చుంది గానీ ఊరుకోలేదు. ఇంతకీ ఆ ఇద్దరూ కలిశారా లేదా అని నన్ను నిలదీసింది. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను చివరిదాకా తిరగేశాను, ముందు పేజీలూ వెతికాను. ఎక్కడా లేదు. మళ్ళీ మొదటి పేజీ తీశాను.

అంతలో ఉయ్యాలలో తమ్ముడు లేచాడు. ఆ రోజంతా మిరపచేలోనే ఉన్న అమ్మ సగం లేచి, తన చేతులు చూసుకుని, మళ్ళీ కూర్చుండిపోయింది. వాడి ఏడుపు ఇల్లంతా నిండింది. పెద్దమ్మ లేచి వెళ్ళి వాణ్ణి భుజాన వేసుకుంది.

"ఆ ఆడోళ్ళకి చంటిపిల్ల ఉండుంటే కలిసే ఉంటార్లే," అని అమ్మ ఒళ్ళో పెట్టి పట్టుకుంది.

ఇప్పుడు మా ఇళ్ళల్లో ఎవరి చేతులూ మండవు. పిల్లలం చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం, ఒకరి బిడ్డను ఇంకొకరు ఎత్తుకోవలసిన అవసరం రాలేదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటూనే ఉంటాను. కానీ అవసరం లేకపోయేసరికి, మానేసిన మాట మానేసినట్టే ఉండిపోతోంది. నా తోడికోడలు మా పై అంతస్తులోనే ఉంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని అది తనేనని పోల్చుకుంటాను, లేచి తలుపు దాకా వెళతాను, తను దిగిపోయేదాకా అక్కడే నిలబడతాను. తలుపు మాత్రం తీయను.