సున్నం ఆరకముందు

నేను పామర్రు దగ్గర ఒక జిల్లా బోర్డు హైస్కూల్లో డ్రాయింగు మేష్టరుగా ఉన్నప్పుడు యుద్ధం నడుస్తోంది. కాగితానికి కరువు. పరీక్ష పేపర్లకే గతి లేనప్పుడు పిల్లల బొమ్మలకు ఎవరిస్తారు? బెజవాడలో కొట్టు కొట్టూ తిరిగాను. చివరికి పొట్లాలు కట్టే కాగితమైనా చాలనుకున్నాను. అదీ దొరకలేదు. అప్పుడు నా కన్ను బడి వెనక గోడ మీద పడింది. అటు ఎవరూ వెళ్లరు. పిల్లల చేతుల్లో బొగ్గు ముక్కలూ ఎర్రటి జేగురు ముక్కలూ పెట్టి, "వేయండర్రా, ఇదే మన కాగితం" అన్నాను.

ఏడాది తిరిగేసరికి ఆ గోడ నిండిపోయింది. నూర్పిళ్లు, కాలవ లాకుల దగ్గర ఆగిన పడవలు, నీళ్లలో పడుకున్న గేదెలు. అందులో ఒక మగ్గం ఉండేది. గుంటలో కాళ్లు పెట్టుకుని ఒక మనిషి నేస్తుంటాడు. పోగు నడిపే నాడెను విసరబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. వేసింది పదమూడేళ్ల పిల్ల. నేను అంతకాలం పాఠాలు చెప్పి కూడా అలాంటి చెయ్యి వేయలేకపోయాను. ఇప్పటికీ వేయలేను.

ఆ పిల్ల బడికి రావడమే డ్రాయింగు వల్ల. వాళ్లది నేతపని. ఆడపిల్లకు ఇంత చదువు చాలని తండ్రి మాన్పించబోతే, నేను వాళ్లింటికి వెళ్లి వాదించాను. అంచుల డిజైన్లు వేయడం నేర్పుతానని, రేపు మగ్గానికే పనికొస్తుందని చెప్పాను. ఆయన నవ్వి, "సరేనండి మేష్టారు, మీ బొమ్మల క్లాసు ఉన్నన్నాళ్లూ పంపుతాను. అది లేదంటే మాత్రం ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. నాకు ఆ మాట చాలనిపించింది.

అలా ఉండగా బందరు నుంచి బోర్డు వారి ఉత్తర్వు వచ్చింది. దానికి మాత్రం మంచి కాగితం దొరికింది. డ్రాయింగు క్లాసు అవసరమా కాదా అన్నది ఇన్‌స్పెక్టరు గారు తనిఖీలో చూసి తేలుస్తారట. కాదంటే ఆ ఏటితో సరి.

హెడ్మాస్టరు గారు చెడ్డవారు కారు. లెక్కలు చెప్పేవారు. "బొమ్మలు వేయకపోతే పిల్లలు చచ్చిపోతారటండీ?" అన్నారు.

"లెక్కలు చెప్పకపోయినా చచ్చిపోరండీ" అన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ తరవాత వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

బోర్డు వారికి అర్జీ మీద అర్జీ పెట్టాను. జవాబు లేదు. ఇన్‌స్పెక్టరు గారు బెజవాడలో మకాం చేశారని తెలిసి అక్కడికే పోయాను. ఆయన దిగిన బంగళా వరండాలో రెండు రోజులు పడిగాపులు కాశాను. రెండో సాయంత్రం ఆయన బయటికి వస్తూ, "ఇంకా ఉన్నారా?" అన్నారు. సిగ్గు విడిచి బతిమాలాను. మా పిల్లలు ఒక గోడంతా బొమ్మలు వేశారు, వచ్చి ఒక్కసారి చూడండి చాలు అన్నాను.

"సోమవారం వస్తున్నాంగా. చూపించండి. బాగుంటే ఉంచమనే రాస్తాను" అన్నారు. నాకు ఏడుపు వచ్చినంత పనయింది.

తిరుగు ప్రయాణం, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో. దారిలో అది రెండుసార్లు ఆగిపోతే దిగి తోశాను. సోమవారం పొద్దున్నే బడి దగ్గర దిగాను.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఇన్‌స్పెక్షను అంటే బడికి సున్నం కొట్టించడం ఆనవాయితీ. ఎప్పుడూ వీధి వైపు, గదుల లోపల మాత్రమే కొట్టేవారు. వెనక గోడ సంగతి ఎవరికీ పట్టేది కాదు. నూలు దొరక్క ఆ పిల్ల తండ్రి మగ్గం ఆగిపోయింది. పాపం ఖాళీగా ఉన్నాడు, సున్నం పని ఆయనకు ఇప్పించండని హెడ్మాస్టరు గారితో చెప్పి మరీ బెజవాడ వెళ్లాను.

నన్ను చూడగానే ఆ పిల్ల తండ్రి చేతికంటిన సున్నం పంచెకు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. వెనక్కి తీసుకుపోయి చూపించాడు. గోడ తెల్లగా మెరిసిపోతోంది.

"ముందు వైపుకే పని చెప్పారండి. కానీ మీరు చెప్పబట్టి కదా నాకీ పని దొరికింది. పిల్లలు ఈ గోడంతా బొగ్గుతో ఖరాబు చేసి పెట్టారు. ఇన్‌స్పెక్టరు గారు చూస్తే మీకు మాటొస్తుందని ఇది ఊరికే కొట్టానండి. రెండు పూతలు!"

నేను గోరుతో సున్నం గీకి చూశాను.

"ఎవరో మగ్గం కూడా వేశారండి. అచ్చం మా మగ్గమే. దాని మీదికి కుంచె పోనిచ్చేందుకు చెయ్యి రాలేదు గానీ..."

అప్పుడే బడికి వచ్చిన ఆ పిల్ల పుస్తకాలు పట్టుకుని మా వెనకే నిలబడి ఉంది. గోడ వంకే చూస్తోంది. నేనే అన్నాను, అరిచినట్టుగా. "అది వేసింది మీ అమ్మాయేనయ్యా! ఆ కూర్చున్నది నువ్వే!"

అలా అరిచినందుకు ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేదు. నాకు ఉపకారం చేద్దామనుకున్న మనిషి. అతని మొహంలో రంగు పోయింది. "తడిపితే కనపడతాయండీ. ఆరితేనే కదండీ సున్నం కప్పేది" అంటూ నూతి దగ్గరకు పరుగెత్తాడు.

ముగ్గురం బకెట్లతో నీళ్లు కొట్టాం. నిజమే, తడిసిన చోట సున్నం పలచబడి గేదె వీపు తేలింది, పడవ తెరచాప తేలింది. కాని ఎండ చురుక్కుమంటోంది. కింద తడిపేలోగా పైన ఆరి మళ్లీ తెల్లబడిపోతోంది. అంతలో ఇన్‌స్పెక్టరు గారు, వెనకే హెడ్మాస్టరు గారు వచ్చారు. నేల బురదైపోయింది. తెల్ల బూట్లు పాడవుతాయని ఆయన దూరంగానే ఆగిపోయారు.

"ఏమిటండీ ఈ మరకలు?"

"బొమ్మలండీ. మా పిల్లలు వేసినవి. దగ్గరికొచ్చి చూడండి, మీ పుణ్యముంటుంది."

ఆయన కళ్లు చికిలించి చూశారు. ఆ తండ్రి ఆపకుండా నీళ్లు కొడుతూనే ఉన్నాడు. మగ్గం సగం తేలి, ఆరిపోయింది.

"కాగితం మీద వేసినవేమైనా ఉంటే చూపించండి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

లేవన్నాను. ఆయన వెళ్లిపోయారు. బడి శుభ్రంగా ఉందని రాశారట. డ్రాయింగు గురించి, కనబరచిన పని ఏమీ లేదని రాశారు.

ఆ వేసవితో క్లాసు పోయింది, నా ఉద్యోగమూ పోయింది. ఉద్యోగం గురించి బాధపడలేదంటే అబద్ధం. కాని ఆ పిల్ల పేరు హాజరు పట్టీలోంచి కొట్టేసినప్పుడు పడ్డ బాధ వేరు. తండ్రి తన మాట మీద నిలబడ్డాడు. ఆ మాట ఇప్పించుకున్నది నేనే కదా, ఇక ఏమని వాదించను?

సామాను సర్దుకున్న రోజున చివరిసారి బడి వెనక్కి వెళ్లాను. ఆయన అక్కడ ఉన్నాడు, చేతిలో చెంబుతో. ఒక్క మగ్గం ఉన్న చోటే తడుపుతున్నాడు.

"అమ్మాయి ఏదీ?" అన్నాను.

"మగ్గం మీదుందండి. నూలొచ్చింది" అన్నాడు, గోడ మీంచి కళ్లు తిప్పకుండా. "ఆరేలోపల ఒకసారి చూసుకుపోదామని వచ్చానండి."

బొగ్గుతో గీసిన మనిషి చెయ్యి అప్పటికే ఆరి మాసిపోతోంది. నేను చెంబు అందుకుని నూతి దగ్గరకు వెళ్లాను.