పేలని నాలుగో ఫిరంగి

మా వెనక క్వార్టర్‌లో ఒక కాక ఉండేవాడు. బొగ్గు గనిలో మందు పేల్చే పని చేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, చదువురాని నాలాంటి ఆడవాళ్లకు నెపోలియన్ యుద్ధాల నవల వినిపించేవాడు. అందులో ఒక ఇంగ్లండు సిపాయి పెళ్లాన్ని వదిలి యుద్ధానికి పోతాడు. తిరిగొస్తాడో రాడో అని నాకు అన్నం సయించేది కాదు.

ఫిరంగి మోగినప్పుడల్లా కాక ఒక వేలు ముడిచేవాడు. గనిలోనూ పేలుళ్లను అట్లాగే లెక్కపెట్టేవాళ్లట. ఒకరోజు కథలో నాలుగు ఫిరంగులకు నిప్పు పెట్టారు, మూడే మోగాయి. కాక పుస్తకం మూసేశాడు.

"ఒకటి పేలలే. ఎవ్వలు కదలొద్దు."

"కథనే కదా కాకా! జల్దీ చదువు," అన్నాను.

"గిట్లనే జల్దీ చేసి ఇద్దరం లోపలికి పోయినం బిడ్డా. పేలనిది అప్పుడు పేలింది. నేనొక్కన్నే వచ్చిన."

మళ్లీ చదవలేదు. పుస్తకం నా చేతిలో పెట్టి, మణుగూరులో కూతురింటికి వెళ్లిపోయాడు.

ఆ సిపాయి కోసమే నేను ఈ వయసులో మనవరాలి పలక పట్టాను. ఏడాదికి, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. సిపాయి ఇల్లు చేరాడు! వెంటనే మణుగూరు బస్సెక్కాను.

కాకకు చూపు పోయింది. నా గొంతు వినగానే అడిగాడు.

"నాలుగోది పేలిందా బిడ్డా?"

పుస్తకంలో ఆ ఊసే లేదు. పేజీ తెరిచి, అక్షరాల మీద వేలు పెట్టి, అక్కడ లేని వాక్యం చదివాను.

"నాలుగో ఫిరంగి కూడా పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు."

కాక నాలుగో వేలు ముడిచాడు.

"అవ్, ఇగ చెప్పు. ఆ పిలగాడు ఇంటికొచ్చిండా?"