ఇడ్లీ పాత్ర వెనకాల బల్బు

మొన్న శుక్రవారం పొద్దున నేను చేట ముందు పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉంటే, మా మనవరాలు తన కంప్యూటర్ తెచ్చి చేట పక్కన పెట్టి, అందులోని బొమ్మ ఏమిటో చెప్పమంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. అంతా చిన్న చిన్న గడులు, ఒక్కో గడికి ఒక్కో రంగు. గళ్ళ గుడ్డ మీద దారంతో పూలు కుట్టిన వాళ్ళకి ఆ గడులు కొత్త కావు. వాటిలో ఒక గది, గదిలో పొయ్యి, పొయ్యి మీద డబ్బా, డబ్బా మీద తెల్లటి గొర్రె కనిపించాయి. గొర్రె పొయ్యి మీదికి ఎందుకెక్కింది అని అడిగాను. పిల్ల మొహం వాడిపోయింది. అది గొర్రె కాదట, ఆవిరట. ఆ గది నేను ముప్పయ్యేళ్ళ వయసులో పనిచేసిన కొత్తపేట ఇడ్లీ హోటలట. నేను చిన్నప్పటి నుంచి దానికి చెప్పిన కబుర్లన్నీ కలిపి గీసిందట.

ఆ బొమ్మ వెనక ఉన్న సంగతి కూడా చెప్పాలి. మా మనవరాలు ఏడాదిగా మన్సూరాబాద్ నుంచి బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ పోయి ఈ గడుల బొమ్మలు నేర్చుకుంటోంది. పిక్సెల్ ఆర్ట్ అంటారట, ఫోన్లో ఆడుకునే ఆటలకు పనికొస్తాయట. ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి, ఇంటి లోపలి దృశ్యం ఒకటి గీసి పంపమంది. అందులో దీపం వెలగాలి, ఆవిరి కదలాలి. సోమవారం లోపల పంపాలి, నచ్చితే ఉద్యోగం. పాఠం చెప్పే సారు ఇప్పటికే రెండు సార్లు తిప్పి కొట్టాడు. మొదటిసారి ఆవిరి దూదిలా ఉందన్నాడు, రెండోసారి వెలుతురు దవాఖానలో ట్యూబులైటులా ఉందన్నాడు. ఇది కూడా పోతే బ్యాంకు పరీక్షల కోచింగేనని వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అతికించి పెట్టింది. పాలకోసం ఫ్రిజ్ దగ్గరికి పోయినప్పుడల్లా పిల్ల దాన్ని చూడకుండా మొహం పక్కకు తిప్పుకునేది.

"అమ్మమ్మా, జర యాద్ చేస్కొని చెప్పు. గా హోటల్ల ఆవిరి ఎట్లుండె?" అంది.

ఎట్లా ఉండేదని చెప్పను? ఆవిరిని తయారుచేసే ఉద్యోగమే నాది.

నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన కొత్తల్లో మా ఆయన పండ్ల మార్కెట్లో బస్తాలు, బుట్టలు మోసేవాడు. ఆ మార్కెట్టుకు ఎదురుగా రేకుల కప్పు కింద ఉండేది ఆ హోటలు. నడిపేది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఓనరమ్మ. ఆమె భర్త గల్లా దగ్గర కూర్చునేవాడే గాని, అతన్ని కూర్చోమన్నది ఓనరమ్మే, లేవమన్నది ఓనరమ్మే. చిన్న మనిషి, పెద్ద కుంకుమబొట్టు, ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. వ్యాపారం గురించి ఆమెకు ఒకటే నమ్మకం: ఇడ్లీ రుచి తిన్నాక తెలుస్తుంది, ఆవిరి రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది. అందుకని ఇడ్లీ పాత్ర ఎవరూ చూడని వంటింట్లో కాక, గుమ్మం పక్కన, దారిన పోయేవాళ్ళ కళ్ళ ముందు ఉండేది.

మొదట్లో బల్బు సరిగ్గా పాత్ర మీద వేలాడేది. ఎంత ఆవిరి లేచినా ఆ బల్బు చుట్టూ చేరి వెలుతురును మింగేసేది, బయటికి ఏమీ కనిపించేది కాదు. పైగా ఒకరోజు రేకుకు పట్టిన నీటి చుక్క కాగిన బల్బు మీద పడి, అది టప్పున పగిలి, రెండు వాయిల ఇడ్లీలు గాజుముక్కలతో సహా చెత్తలోకి పోయాయి. ఆ రోజు ఓనరమ్మ మధ్యాహ్నమంతా రోడ్డుకు అవతల, బత్తాయిల బండి పక్కన నిలబడి తన హోటలును తానే చూసింది. సాయంత్రానికి అరవై క్యాండిళ్ళ బల్బును పాత్ర వెనకాలకు, నడుమెత్తుకు దింపించి, దానికి పక్క కోసిన డాల్డా డబ్బా తొడిగించింది. వెనక గోడకు సున్నం వేయొద్దంది, పొగచూరి ఎంత నల్లబడితే అంత మంచిదంది. మర్నాడు పొద్దున మూత తీయగానే ఆ డబ్బాలోంచి ఏటవాలుగా వచ్చే వెలుతురులో ఆవిరి పసుపు కలిపిన పాలలాగా పొర్లింది. మార్కెట్టుకు పోయే జనం ఆగి చూశారు, చూసినవాళ్ళు లోపలికి వచ్చారు.

ఇదంతా చెబుతుంటే మనవరాలు చిక్కుడుకాయలు పక్కకు తోసి గడులు దిద్దడం మొదలుపెట్టింది. దీపాన్ని వెనక్కి జరిపింది. పాత్ర మొహమంతా మెరిపించావేంది, మన దిక్కు ఉన్న మొహం నల్లగుంటది, అంచుకే సన్నగీత మెరుస్తది అన్నాను. ఆవిరికి తెల్ల రంగు పూయొద్దన్నాను. ఆవిరికి సొంత రంగు లేదు, వెనకున్న గోడనే కొంచెం పలచన చేసి చూపిస్తుంది. పిల్ల ఒక గడి వదిలి ఒక గడి గోడరంగును తేలిక చేసుకుంటూ పోయింది. గొర్రె మెల్లగా కరిగిపోయింది. కాని ఆవిరిని పాత్ర మూతి నుంచే మొదలుపెట్టింది. మూతి దగ్గర వేలెడు మేర ఏమీ కనిపించదు, ఆ పైన గాని తెల్లబడదు అని చెబితే నమ్మలేదు. ముంజేతి మీది మచ్చ చూపించాను.

"కనపడే ఆవిరి ఏం చెయ్యదు బిడ్డా. కనపడనిదే కాలుస్తది."

వేలెడు జాగా ఖాళీ వదిలింది.

ఇక అసలు ముచ్చట. పదింటికల్లా ఇడ్లీ అయిపోయేది. ఆవిరి ఆగితే హోటలు మూసేశారనుకుని జనం కాఫీకి కూడా వచ్చేవాళ్ళు కారు. అందుకని ఓనరమ్మ పదింటి తర్వాత కూడా ఆ పాత్రలో ఉత్త నీళ్ళు పోసి మరగబెట్టమంది. నీళ్ళు అడుగంటకుండా చూస్తూ, మనుషులు కనబడితే మూత కాస్త జరపడమే నా పని. నాకేమో అంత మంట ఊరికే పోతుంటే ప్రాణం ఒప్పేది కాదు. మా పల్లెలో పొయ్యి వెలుగుతూ ఉంటే ఏదో ఒకటి దాని మీదో, బూడిదలోనో పడాల్సిందే. ఒకరోజు ఇంటి నుంచి నాలుగు మొరంగడ్డలు, ఓనరమ్మ మాటలో చిలగడదుంపలు, కొంగులో మూటగట్టుకొచ్చి ఆ పాత్రలో వేశాను. బడి నుంచి వచ్చే పిల్లకు, అంటే ఇప్పుడు ఫారం అతికించిన మా అమ్మాయికి, పెట్టడానికి. ఆ తర్వాత రోజూ కొన్ని వేసేదాన్ని, నెల రోజులు ఎవరికీ తెలియలేదు.

మార్కెట్లో దుకాణమున్న పటేలొకాయన ఉండేవాడు. కొత్తపేట పాత రైతు, పొలాలు ప్లాట్లయ్యాక పండ్ల వ్యాపారంలో దిగినవాడు. ఒకరోజు పదకొండింటికి తన వియ్యంకుణ్ణి, మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, ఆ ఉడుకుతున్న వాయిలోంచే వేడిగా పెట్టాలన్నాడు. ఓనరమ్మ పెరట్లో పిండి రుబ్బిస్తోంది. గల్లా దగ్గరి ఆయనకు పాత్రలో ఉత్త నీళ్ళేనని గుర్తే లేదు. భార్య లేని వేళ అధికారం చేతికొచ్చినందుకు సంతోషంగా లేచి, పెళ్ళిలో తెర తీసినట్టు మూత తీశాడు. అంత చక్కటి ఆవిరి నేను మళ్ళీ చూడలేదు. అది మెల్లగా విడిపోయింది. నలుగురూ తొంగి చూశారు.

"ఏందిది? ఇడ్లీలకు తోకలు మొలిచినయా?" అన్నాడు పటేలు, వియ్యంకుడి ముందు చిన్నతనమై.

నా పని అయిపోయిందనుకున్నాను. కొంగు దోపి, చెప్పులు ఎక్కడ విడిచానో వెతుక్కుంటున్నాను కూడా. అంతలో ఓనరమ్మ పిండి చేతులతో వచ్చి పాత్రలోకి ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, పటేలుతో అంది:

"పొద్దున ఇడ్లీ తిన్నవాళ్ళకి పదకొండింటికి మళ్ళీ ఇడ్లీ పెడతామా అన్నయ్యగారూ? ఇవి మీలాంటి వాళ్ళ కోసమే ఉడకబెట్టిస్తున్నాం. కూర్చోండి."

కూర్చున్నారు. వియ్యంకుడు రెండు తిని, చిన్నప్పుడు చేను గట్టున తిన్నట్టుందని మూడోది అడిగాడు. మా పిల్లకు ఆ రోజు తోక కూడా మిగల్లేదు. వాళ్ళు పోయాక ఓనరమ్మ నా పక్కన నిలబడింది. నాలుగు తిట్లకు సిద్ధంగా తల వంచుకున్నాను.

"రేపట్నుంచి కాస్త ఉప్పేసి ఉడకబెట్టవే. చప్పగా ఉన్నాయట."

అంతే. వారం తిరిగేసరికి గోడ మీది బోర్డులో అన్నిటికంటే కింద పెయింటుతో కొత్త వరుస ఒకటి చేరింది. అది నా వరుసేనని అందరూ చెప్పారు. నాకు చదువు రాదు. ఆ బోర్డు నాకు నల్లపలక మీద చల్లిన నూకల్లాగా ఉండేది. హోటలు తెరిచిన ప్రతి పొద్దునా ఆ ఆఖరి వరుసను తడిగుడ్డతో జాగ్రత్తగా తుడిచేదాన్ని, అంతే. నాకు యాభై నాలుగేళ్ళప్పుడు మా చర్చిలో పాస్టరమ్మ ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పినప్పుడు, మిగతావాళ్ళంతా బైబిలు వాక్యం చదవాలన్నారు. నాకు మాత్రం, దేవుడు క్షమించుగాక, ముందు ఆ బోర్డు చదవాలనిపించింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఒక మంగళవారం కొత్తపేట పోయాను. హోటలు లేదు. అక్కడ ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. వాటి మీద రాసినవన్నీ ఇంగ్లీషే.

సోమవారం బొమ్మ పోయింది. గురువారం కంపెనీ నుంచి ఫోను వచ్చింది: ఆవిరి బాగుంది, వెలుతురు బాగుంది, ఉద్యోగం ఇస్తాం, గోడ మీది బోర్డులో అక్షరాలు మాత్రం చదవడానికి రావడం లేదు, సరిచేయండి. మనవరాలు పరుగెత్తుకొచ్చి, అంత చిన్న జాగాలో అక్షరాలు పట్టక ఉత్త చుక్కలు పెట్టానని, ఏమి రాసి ఉండేదో చెబితే బోర్డు పెద్దది చేసి రాస్తానని అంది. చూశాను. నల్లపలక మీద నూకలు. ఆఖరి వరుసలో ఏడెనిమిది పసుపు చుక్కలు. ముట్టకు, నాకు అట్లనే కనపడేది అన్నాను. పిల్ల కంపెనీకి అదే మాట ఇంగ్లీషులో రాసి పంపింది. వాళ్ళు అలాగే ఉంచమన్నారు. మా అమ్మాయి ఫ్రిజ్ మీది ఫారం తీసేసింది. దాని వెనక వైపు ఖాళీగా ఉంటే, ఈ నాలుగు మాటలు దాని మీదే రాయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడితే బస్సు మీది పేర్లు, మెట్రో స్తంభాల మీది ప్రకటనలు అన్నీ నేను అడగకుండానే నాతో మాట్లాడతాయి. అక్షరం వచ్చాక కన్నుకు తీరిక ఉండదు, మీరు చిన్నప్పుడే నేర్చుకున్నారు గనక మీకు తెలియదు. పండ్ల మార్కెట్టు కూడా ఊరి బయటికి తరలిపోయింది. మిగిలిందల్లా మనవరాలు నా ఫోన్లో పెట్టిన ఆ గది. బల్బు పాత్ర వెనకాలే ఉంది. ఆవిరి నాలుగు అడుగులు వేసి గుమ్మం వైపు ఒంగి, మళ్ళీ మొదటికి వస్తుంది. ఎంతసేపు చూసినా నీళ్ళు అడుగంటవు, నేను లేచి పోయనక్కర్లేదు. అది తెలిసి కూడా, చూస్తూ చూస్తూ ఒక్కోసారి చెయ్యి చెంబు కోసం వెతుకుతుంది. బొమ్మ చూసిన వాళ్ళంతా ఆవిరి బాగుందంటారు. మూత కింద ఏముందో మాత్రం ఎవరూ అడగరు.