ఆదిమూలం కూర్చున్న రోజు

ఆదిమూలం కూర్చోడు. చిత్తూరులో మామిడి మండీల పన్ను లెక్కలు చూసే ఈ మనిషి నిలబడే తింటాడు, సీటు ఖాళీగా ఉన్నా బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడతాడు. సలహా కావలసినవాళ్లు వరండాలో ఆయన వెంట అటూ ఇటూ తిరగాల్సిందే. "రోంత కూసోండి సామీ" అంటే ఒకటే మాట. "అబద్ధం చెప్పేదానికి కుర్చీ కావల్ల. నిజం నిలబడే చెప్పొచ్చు."

ఆ నిజానికీ వేళాపాళా ఉండదు. ఒకరింట్లో చంటిబిడ్డకు చెవులు కుడుతూ చదివింపులు చదువుతుంటే మైకు లాక్కున్నాడు. "సుట్టాలిచ్చేదానికి పన్ను లేదు. స్నేహితులు పెద్ద మొత్తం సదివిస్తే ఉండాది. పెండ్లయింటే అదీ ఉండదు, మీరు తొందరపడి చెవులు కుట్టినారు."

స్నేహితులు కవర్లు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నారు. తిట్టుకుంటే తిట్టుకున్నారు గానీ, ఆదిమూలం నోట అబద్ధం రాదని ఊరంతా నమ్మకం.

ఆ నమ్మకంతోనే ప్రసన్నకుమారి వచ్చింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మిషన్‌లో ఆమె కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. అందుకిచ్చిన పరిహారం బ్యాంకులో పడింది. దాంతో ఇడ్లీ పిండి అంగడి పెట్టుకుని, మళ్లీ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కకుండా బతకాలని ఆమె ఆశ. వాళ్లన్న మునిరత్నం మాత్రం పొద్దున లేస్తే ఒకటే పాట. "పన్నోళ్లు ఊడ్సుకోని పోతారు. ముందే తీసి నా చేతికియ్యి." కాదంటే అన్న దూరం, ఔనంటే అంగడి దూరం. పాపం, ప్రసన్నకు అన్నం సయించడం లేదు.

అన్నాచెల్లెళ్లిద్దరూ ఆదిమూలం వెంట తిరిగారు.

"ఇంతకీ ఆ దుడ్డుతో ఏం చేస్తావప్పా?" అన్నాడాయన నడుస్తూనే.

"బోరేస్తా."

"ముందేసినవి?"

"ఎండినాయి."

"ఇదీ ఎండితే?"

"దాని రాత" అన్నాడు మునిరత్నం, చెల్లెలి వైపు చూపించి.

ఆదిమూలం ఆగాడు. మూలనున్న కుర్చీ మీది ఫైళ్లు దించి, దుమ్ము దులిపి, కూర్చున్నాడు. ఈయనకు కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుంది ప్రసన్న.

"సూడు మునిరత్నం. ఆ దుడ్డుకు శానా పన్ను ఉండాది. ఎవురి చేతికి పోతే వాళ్ల మెడకే సుట్టుకుంటుంది. సొంత అన్నయినా సరే, నోటీసే."

"నాకెందుకప్పా ఈ తంటా" అని మునిరత్నం చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలో పడ్డాడు. నోటీసు మాట వినబడ్డాక కుర్చీ ఎక్కడ కనబడుతుంది!

ప్రసన్న కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా అంగడి పాయె గదా సామీ."

ఆదిమూలం కాలే పెనం మీద నుంచి లేచినట్టు లేచాడు. "నీకు పైసా పన్ను లేదమ్మా. వేళ్లు పోయినందుకిచ్చింది సంపాదన కాదు, పోయినదానికి బదులు. రేపు దాని మీద బ్యాంకు వడ్డీ వస్తే ఆ లెక్క వేరే."

"మరి మా అన్నకు అట్ల చెప్పినారే?"

"నిలబడి చెప్పినానా?"

ప్రసన్న అంగడి తెరిచింది. అన్నే ఊరంతా టముకు వేశాడు, చెల్లెలి డబ్బు ముట్టుకుంటే నోటీసని. అప్పడగాలని చూసిన చుట్టాలందరూ చల్లగా జారుకున్నారు. ఒక్క చిన్నాయనకు మాత్రం అనుమానం తీరలేదు. ఒక చుట్టాల పెండ్లి పందిట్లో, ఆదిమూలం మైకు అందుకోగానే లేచి అడిగాడు.

"ప్రసన్న దుడ్డుకు పన్నుండాదంట. నిజమేనాప్పా?"

తలలన్నీ ఇటు తిరిగాయి. ఆదిమూలం గొంతు సవరించుకున్నాడు. కాళ్లు మార్చుకున్నాడు. బిక్కమొహంతో చుట్టూ వెతికాడు.

ప్రసన్న గబగబా ఒక కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసింది.