ఎనిమిది బోల్టుల మూత

మూయమన్నవాడిదా పాపం, మూసినవాడిదా? ఈ ప్రశ్నకు జవాబు ఆ ముసలాయనకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ల దగ్గర్నుంచి మాత్రం లేచి వెళ్లిపోయేవాడు.

యుద్ధకాలంలో ఆయన ఒక క్రూజర్ యుద్ధనౌక మీద బాయిలర్ మనిషి. ఓడకు దెబ్బ తగిలి కింది గదిలోకి నీళ్లు వచ్చిన రోజున, పైనుంచి కెప్టెన్ హుకుం వస్తే, ఇనుప మూత వేసి ఎనిమిది బోల్టులూ బిగించింది ఆయనే. కింద ముగ్గురున్నారు. ఓడ ఒడ్డుకు చేరింది.

రిటైరయ్యాక పదకొండు నెలలు కూర్చుని ఆ ఓడను పెన్సిలుతో గీశాడు. ఒకటే నియమం: తన చెయ్యి తగలనిదేదీ గీయడు. అందుకని గొట్టాలు, నిచ్చెన మెట్లు, మేకు మేకూ ఉన్నాయిగాని, కెప్టెన్ నిలబడే అంతస్తు ఉత్త గీతల డబ్బా. మూత దగ్గరికి వచ్చేసరికి ఎంత నొక్కి గీశాడంటే, కాగితం కిందున్న భోజనాల బల్లకు కూడా గాట్లు పడ్డాయి. బొమ్మ గీస్తున్నారా, బల్ల చెక్కుతున్నారా అనేది భార్య.

బొమ్మను అడిగి పట్టుకెళ్లింది ఆమె తమ్ముడే. మాజీ నావికుల సంఘానికి సెక్రటరీ. యుద్ధమప్పుడు గోదాములో సబ్బులు పంచినవాడు, ఫిరంగుల గురించి మాత్రం ఊపిరాడనీయకుండా చెబుతాడు. ఉన్నది ఉన్నట్టే గోడకెక్కాలని ముసలాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అతను అక్క మీద ఒట్టేశాడు.

ఆవిష్కరణ రోజున సంఘం హాల్లోకి వెళ్లి చూస్తే, బొమ్మ చట్రంలో ఉంది, అద్దం ఇంకా బిగించలేదు. కెప్టెన్ అంతస్తుకు కిటికీలు మొలిచాయి. టోపీ పెట్టుకున్న మనిషి మొలిచాడు. మూత ఉండాల్సిన చోట డెక్కు, తిని కడిగేసిన కంచంలా నున్నగా ఉంది.

బావమరిది మొహం చాటేయలేదు సరికదా, మురిసిపోతూ చెవి దగ్గరికి వంగాడు.

"కెప్టెన్ గారి కూతురు వస్తోంది బావా. శుభమా అని ఆ మూతెందుకు? అది లేకపోతే ఓడ మునిగిపోతుందా?"

"అదుండబట్టే మునగలేదురా."

"అబ్బ, ఇప్పుడవన్నీ ఎందుకులే. టీ తాగు."

అతని గోళ్లలో ఇంకా రబ్బరు పొడి ఉంది. ఆ చేత్తోనే బిస్కెట్టు అందించాడు. ముసలాయనకు నోట్లో నీళ్లూరాయి, ఆకలికి కాదు, వాంతికి. అతని మీద ఎంత రోత పుట్టిందో, బోల్టులు బిగించిన తన చేతుల మీదా అంతే పుట్టింది. కాకపోతే, అవి శుభ్రంగా ఉన్నాయని ఆయన ఏనాడూ అనుకోలేదు.

నున్నటి చోటును బొటనవేలితో తడిమాడు. గీతలు పోయాయిగాని కాగితంలో దిగిన గాట్లు పోలేదు. జేబులోంచి మొద్దు పెన్సిలు తీసి, పక్కకు వాల్చి, మెల్లగా రుద్దాడు. నల్లటి మరకలోంచి తెల్లగా మూత అంచు తేలింది. తర్వాత ఒక్కొక్కటే బోల్టులు.

"పాడు చేయకు బావా, వాళ్లొచ్చేశారు" అంటూ బావమరిది చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన ఆ చెయ్యి తగలకుండా ఒదిగి, ఎనిమిదీ తేలాయో లేదో చూసుకుని, పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

గుమ్మంలో కెప్టెన్ కూతురు పూలగుత్తితో ఎదురైంది. ఆమెకు దారిచ్చి, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.